పట్టీ ఎక్కించే ముందు షాక్ చూడాలి

"అన్నా, లోడు పడితే వెనక కూర్చుంటాంది. ఇంకొక పట్టీ ఎక్కించు."

అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో కమాన్ పని చేసే షెడ్డు ముందు కాసేపు నిలబడితే ఈ మాట వినబడుతుంది. పికప్ బండి వెనక చక్రాల దగ్గర కమాన్ కట్ట, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీల స్ప్రింగు, విప్పుతారు, అదనంగా ఒక పట్టీ పెడతారు, కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు బిగిస్తారు. సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది. వెనక భాగం కాస్త లేచి కనబడుతుంది కాబట్టి పెట్టిన డబ్బుకు పని జరిగిందన్న తృప్తి యజమానికి ఉంటుంది. కొన్నాళ్లకు అదే బండి మళ్లీ షెడ్డుకు వస్తుంది. ఖాళీగా వస్తుంటే గుంతలో పడి పక్కకు ఎగిరిందనో, టైర్లు మచ్చలు మచ్చలుగా అరిగాయనో, డ్రైవరుకు నడుము పట్టేసిందనో కొత్త ఫిర్యాదు.

ఇలాంటి బండ్లలో చాలావాటికి కావలసింది పట్టీ కాదు, మంచి షాక్ అబ్సార్బర్లు. పట్టీ కంటికి కనబడుతుంది, షాక్ చేసే పని కనబడదు. అందుకే డబ్బు ముందు పట్టీ మీదికే పోతుంది.

బరువు మోసేది కమాను. నిలబెట్టిన బండి నుంచి వెనక షాక్‌లు రెండూ విప్పి పక్కన పెట్టినా బండి ఎత్తు దాదాపు మారదు. షాక్ పని బండి కదిలినప్పుడే మొదలవుతుంది. ఎత్తు తగిలిన చక్రం కమానును వంచుతుంది. వంగిన కమాను తనలో దాచుకున్న శక్తిని తిరిగి విసురుతుంది. బండి లేస్తుంది, దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఈ ఊగును ఆపేది షాక్. దాని లోపల పిస్టన్ నూనెలో కదులుతూ సన్నని రంధ్రాల గుండా, పల్చటి వాల్వు బిళ్లల సందుల్లోంచి నూనెను నెడుతుంది. ఊగులోని శక్తి అక్కడ వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అందుకే గతుకుల దారిలో పది కిలోమీటర్లు నడిచి ఆగిన బండి షాక్‌ను వేలికొసతో తాకితే వెచ్చగా ఉండాలి. ఒకవైపుది వేడిగా, రెండోవైపుది చల్లగా ఉంటే ఆ చల్లనిది పని మానేసినట్టే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. సైలెన్సర్ పైపు పక్కనే ఉంటుంది, చెయ్యి జాగ్రత్త.

"కూర్చుంటాంది" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు జబ్బులు దాగి ఉంటాయి. బండి కదలకుండా నిలబడినప్పుడే వెనక కిందికి దిగి ఉంటే అది కమాను సంగతి. నిలబడినప్పుడు బాగానే ఉండి, స్పీడ్ బ్రేకర్ దాటగానే వెనక ధడ్‌మని కొట్టి, ఆపైన రెండు మూడు సార్లు ఊగితే ముందుగా అనుమానించాల్సింది షాక్‌ను. ఒకవైపే ఒరిగితే విరిగిన పట్టీనో, అరిగిన బుష్‌నో (బిగింపు కన్నాల్లో ఉండే తొడుగు), లోడు వేసే తీరునో చూడాలి. వీటిని విడదీయడానికి ఒక టేపు చాలు. చదునైన నేల మీద ఖాళీ బండిని నిలబెట్టి, చక్రం నడిబొడ్డు నుంచి నిట్టనిలువుగా పైన తొట్టి అంచు దాకా కొలవాలి. రెండు వైపులా కొలిచి, అదే మోడల్ కొత్త బండి కొలతతో పోల్చాలి. కొలతలో తేడా లేకపోతే కమాను జోలికి పోవాల్సిన పని లేదు. ఈ ఐదు నిమిషాల పని చాలా షెడ్లలో జరగదు. అడిగి చేయించుకోవాలి.

కమాను నిజంగానే దిగిందనుకుందాం. పట్టీ ఎక్కిస్తే ఎంత లేస్తుంది? ఒకే మందం ఉన్న ఐదు పట్టీల కట్టకు ఆరోది చేరిస్తే బిగువు సుమారు 20 శాతం పెరుగుతుంది. లోడుకు 14 సెంటీమీటర్లు వంగే కట్ట ఇప్పుడు 12కు కాస్త తక్కువ వంగుతుంది. అంటే కట్ట వంపు మార్చకుండా ఒక పట్టీ ఎక్కించడం వల్ల దక్కేది అంగుళం లోపే. అంతకంటే ఎక్కువ లేచిందంటే పట్టీని వంపు పెంచి కొట్టారని అర్థం. మందం విషయం మరీ సున్నితం. పట్టీ బిగువు మందానికి మూడో ఘాతంలో పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు 10 మిల్లీమీటర్లది వేస్తే ఆ ఒక్క పట్టీ బిగువు దాదాపు రెట్టింపు. "కొంచెం మందంది వేయన్నా" అని తేలిగ్గా అనే మాటకు బండి స్వభావమే మారిపోతుంది.

పాత కట్టను కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి వంపు తిరిగి తెప్పించే పద్ధతి మన దగ్గర ఇంకా ఉంది. కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు. కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్లీ హెచ్చుతగ్గులు లేని వేడి మీద పదును పెట్టిన స్ప్రింగు ఉక్కు. కాల్చి వదిలేస్తే ఆ పదును పోతుంది. వంపు వచ్చినట్టే వచ్చి కొద్ది లోడ్లకే దిగిపోతుంది, లేదా కాల్చిన చోటే పుటుక్కున విరుగుతుంది. పదును తిరిగి పెట్టే కొలిమి, అలవాటు ఉన్న చెయ్యి దొరికితే సరే. లేకపోతే కంపెనీ కొలతకు తయారైన కొత్త కట్ట వేయడమే మేలు. పట్టీ మీద వెల్డింగు మాత్రం ఎన్నడూ పనికిరాదు.

ఈ సీమలో పికప్ బండి రెండు బతుకులు బతుకుతుంది. కక్కలపల్లి టమాటా మార్కెట్టుకో పత్తికొండకో నిండుగా పోతుంది, ఖాళీ బాక్సులతో తిరిగి వస్తుంది. చీనీ (బత్తాయి) కాయలైనా, పులివెందుల అరటి అయినా, బేతంచెర్ల నాపరాయి అయినా ఇదే వరస. నడిచే దూరంలో సగం దాకా తొట్టి ఖాళీయే. ఖాళీ బండికి కమాను 4 సెంటీమీటర్లు వంగుతుందనుకుంటే, దాని సహజమైన ఊగు సెకనుకు రెండున్నర సార్లు. అదే కమాను నిండు లోడుకు 14 సెంటీమీటర్లు వంగితే ఊగు సెకనుకు 1.3 సార్లకు దిగుతుంది. లోడు పడితే బండి మెత్తగా పోతుందని డ్రైవర్లు చెప్పేది అక్షరాలా నిజం. ఇప్పుడు లోడు కోసమని పట్టీ మీద పట్టీ ఎక్కిస్తే, ఖాళీగా ఉన్నప్పుడు కమాను వంగడమే మానేస్తుంది. చక్రం నేలను వదిలి ఎగురుతుంది. నేలను వదిలిన చక్రానికి బ్రేకూ పట్టదు, మలుపూ పట్టదు.

లోడు మీద ఇంకో సంగతి ఉంది. వెనక ఇరుసు మీద పడే బరువు మూడింతలైతే, అదే షాక్ ఊగును ఆపే సామర్థ్యం లెక్క ప్రకారం దాదాపు 40 శాతం తగ్గుతుంది. ఖాళీ బండికి సరిపోయే షాక్ నిండు బండికి చాలీచాలకుండా ఉంటుంది. అది అరిగితే ఇక చెప్పనక్కర్లేదు. కమాను బిగువు పెంచితే ఆ లోటు ఇంకొంచెం పెరుగుతుంది. పట్టీ ఎక్కించి షాక్‌ను పాతదే ఉంచడమంటే గుర్రానికి మేత పెంచి కళ్లెం తీసేసినట్టు.

దారి కూడా ఒక్క తీరుగా లేదు. కర్నూలు, ఆదోని, జమ్మలమడుగు వైపు నల్లరేగడి. వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే ఆ నేల మీద వేసిన రోడ్డు కొన్నాళ్లకు అలలు తేలుతుంది. గుంత ఉండదు, కానీ బండి ఊయలలా ఊగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే నిండు బండికి 12, 13 మీటర్లకొక ఎత్తు వస్తుంటే రోడ్డు ఊగూ కమాను ఊగూ ఒకటైపోతాయి, ప్రతి అలకూ ఊగు పెరుగుతూ పోతుంది. ఇక్కడ బండిని కాపాడేది షాక్ ఒక్కటే. టమాటా బాక్సుల పై వరుసలో కాయలు లేచి పడేది, ఒకదానినొకటి రాసుకుని తోలు పోగొట్టుకునేది ఇలాంటి దారిలోనే. మార్కెట్టులో ఆ కాయ ధర తెగినప్పుడు రైతు దళారిని తిట్టుకుంటాడు, డ్రైవరు రోడ్డును తిట్టుకుంటాడు. నూనె కారిపోయిన షాక్ సంగతి ఎవరికీ గుర్తు రాదు. అనంతపురం ఎర్రనేలల్లో తోటల్లోకి పోయే రాళ్ల బాటలు వేరు. అక్కడివి చిన్నవి, గట్టివి, గబగబా తగిలే దెబ్బలు. వాటిని ముందుగా మింగాల్సింది టైరు, తర్వాత బుష్‌లు. అలాంటి దారిలో షాక్ మరీ బిగువైతే దెబ్బ నేరుగా ఛాసిస్‌కు పోతుంది. ఖాళీగా వచ్చేటప్పుడు కూడా నిండు లోడుకు కొట్టించిన గాలితోనే నడిపితే ఎంత మంచి షాక్ వేసినా సుఖం ఉండదు. డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద సాధారణంగా ఖాళీకీ లోడుకూ గాలి అంకెలు విడివిడిగా ఉంటాయి. ముందు ఆ స్టిక్కరు చదవడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చవకైన మార్పు.

మెకానిక్ బండి కింద దూరి షాక్ విప్పే సమయానికి యజమాని అక్కడ ఉండటం మంచిది. నూనె కారిన షాక్ మీద దుమ్ము మెత్తటి బురదలా అంటుకుని ఉంటుంది. కారనిదాని మీద పొడి దుమ్మే ఉంటుంది, వేలితో రాస్తే రాలిపోతుంది. విప్పినదాన్ని నిలువుగా పట్టుకుని కడ్డీని నొక్కి, లాగి చూస్తారు. లాగేటప్పుడు నొక్కేటప్పటికంటే గట్టిగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువుతో రావాలి. మధ్యలో ఎక్కడైనా చెయ్యి ఒక్కసారిగా జారినట్టు అనిపిస్తే ఆ చోట నూనె బదులు గాలి ఉన్నట్టు. కడ్డీ మీద మెరుగు లేచి గీతలు పడితే సీలు తెగడం ఎంతో దూరంలో లేదు. పక్కనే కమాన్ కట్టను కూడా వైరు బ్రష్‌తో రుద్ది చూడాలి. పట్టీకి అడ్డంగా వెంట్రుకలాంటి తుప్పు గీత, ముఖ్యంగా పట్టీలన్నిటినీ నడుమ గుచ్చి కలిపే సెంటర్ బోల్టు దగ్గర కనబడితే అది చీలిక. ఆ పట్టీ లోడు మీద ఉండగా ఏ రోజైనా విరుగుతుంది.

కొత్త షాక్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది పొడవు, పేరు కాదు. బండిని లేపకుండా ఉంటే కంపెనీ పొడవే సరైనది. రెండు అంగుళాలు లేపి పాత పొడవు షాక్‌నే ఉంచితే, చక్రం గుంతలోకి దిగినప్పుడల్లా షాక్ పూర్తిగా సాగిపోయి ఇరుసు బరువు దాని కన్నాల మీద వేలాడుతుంది. బుష్ చిరుగుతుంది, బ్రాకెట్ పగులుతుంది. మరీ పొడవైనది వేస్తే కమాను పూర్తిగా వంగినప్పుడు షాక్ లోపలే గుద్దుకుంటుంది. మామూలు ఎత్తులో, కమాను పూర్తిగా వంగి బంప్ స్టాపర్ అనే రబ్బరు దిమ్మను తాకినప్పుడు, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు, ఈ మూడు స్థితుల్లోనూ రెండు బిగింపు చోట్ల మధ్య దూరం కొలిచాకే షాక్ కొనాలి.

తర్వాతది రకం. లోడు బండ్లకు ఎక్కువగా వచ్చేవి రెండు గొట్టాలవి. లోపలి గొట్టంలో పిస్టన్, చుట్టూ ఉన్న గొట్టంలో మిగిలిన నూనె, దాని పైన గాలి. ఎడతెగని గతుకుల మీద ఆ గాలి నూనెలో కలిసి నురగ అవుతుంది, నురగకు బిగువు ఉండదు. తక్కువ పీడనంలో నైట్రోజన్ నింపిన రెండు గొట్టాల షాక్‌లో ఈ నురగ బాగా తగ్గుతుంది. సొంత పనికి తిరిగే పికప్‌లకు ఖర్చుకు తగిన మెరుగుదల ఇదే. ఒకే గొట్టం ఉండే రకంలో నైట్రోజన్‌నూ నూనెనూ ఒక కదిలే బిళ్ల వేరు చేస్తుంది, నురగకు తావు లేదు. వేడి నేరుగా బయటికి పోతుంది కాబట్టి 40 డిగ్రీలు దాటే మన వేసవిలో అది అలసిపోదు. అయితే దానికి ఒక బలహీనత ఉంది. టైరు విసిరిన రాయి తగిలి గొట్టం సొట్ట పోతే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. రెండు గొట్టాలదానికి బయటి గొట్టం సొట్టపడినా లోపల పని సాగుతుంది. క్వారీ దారుల్లో తిరిగే బండికి ఖరీదైన షాక్ తప్పక మంచిదనుకోవడం పొరపాటు. బిగించే ముందు రెండు గొట్టాలదాన్ని నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగాలి, పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపలి గొట్టంలో చేరిన గాలి పైకి పోతుంది. ఎప్పుడు మార్చినా ఇరుసుకు రెండు వైపులా కలిపే మార్చాలి.

పట్టీలు ఎక్కువున్న పాత తరహా కట్టలో పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడే ఊగును కొంత ఆపుతుంది. అందుకే షాక్ పోయినా కొన్నాళ్లు తెలియదు. రెండు మూడు పట్టీలతో, మధ్యలో మందంగా చివరలు పల్చగా ఉండే పారాబొలిక్ కట్టలో ఆ రాపిడి చాలా తక్కువ. అలాంటి కమాను ఉన్న బండికి షాక్ పోయిన రోజే తెలిసిపోతుంది. దాని మధ్య మామూలు పట్టీ దూర్చడం అసలు కుదరని పని.

బ్రేకుల సంగతి షెడ్డులో ఎవరూ చెప్పరు కాబట్టి ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. చాలా పికప్‌లకు వెనక ఇరుసు నుంచి ఛాసిస్‌కు ఒక సన్నని కడ్డీ, దాని చివర బ్రేకు నూనె దారిలో ఒక వాల్వు ఉంటుంది. ఛాసిస్ ఎంత దిగిందో చూసి లోడు ఎంత ఉందో ఆ వాల్వు గ్రహిస్తుంది. లోడు ఉంటే వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది, ఖాళీ అయితే చక్రాలు పట్టేయకుండా తగ్గిస్తుంది. పట్టీ ఎక్కించి వెనక లేపితే నిండు లోడుతో ఉన్నా ఛాసిస్ ఎత్తుగానే ఉంటుంది. బండి సగం ఖాళీ అనుకుని వాల్వు వెనక బ్రేకులను తగ్గించేస్తుంది. భారమంతా ముందు బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. రాయచోటి నుంచి కడపకు లోడుతో గువ్వలచెరువు ఘాట్ దిగే బండికి ఇది ప్రాణం మీదికి వచ్చే తేడా. కమాను ఎత్తు మార్చిన ప్రతిసారీ ఆ కడ్డీని కంపెనీ కొలతకు సరిచేయించాలి. వెనక లేస్తే హెడ్‌లైట్ల చూపు కూడా కిందికి దిగుతుంది, అదీ సరిచూడాలి.

పట్టీ పెంచితే బండి మోసే శక్తి పెరగదు. ఇరుసు గొట్టం, చక్రాల బేరింగులు, బ్రేకు డ్రమ్ములు, టైర్లు, ఛాసిస్ అన్నీ పాతవే. బొలెరో పికప్‌లో 1.7 టన్నుల రకానికి కంపెనీ చెప్పే లోడు 1,700 కిలోలు. పాతిక కిలోల టమాటా బాక్సులైతే 68. అంగుళం మందం నాపరాయి చదరపు అడుగు ఆరు కిలోలకు పైనే తూగుతుంది. అంటే సుమారు 270 చదరపు అడుగులకే లోడు నిండిపోయినట్టు. చూపుకు తొట్టి ఇంకా సగం ఖాళీగానే ఉంటుంది. రాళ్ల లోడుకు పోయే బండ్ల ఛాసిస్ కమాన్ బ్రాకెట్ల దగ్గరే పగలడానికి కారణం ఇక్కడుంది. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం 2019 సెప్టెంబరు 1 నుంచి అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. కంపెనీ కొలతలకు విరుద్ధంగా బండిని మార్చడం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, 182-ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. అరిగిన షాక్ తీసి అదే కొలత షాక్ వేయడం మార్పు కాదు, మరమ్మతు.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డీమాక్స్, వీ-క్రాస్ లాంటి బండ్లకు, టయోటా హైలక్స్‌కు బయటి కంపెనీలు షాక్‌లు, కాయిల్ స్ప్రింగులు, కమాన్లు కలిపి కిట్లుగా అమ్ముతున్నాయి. వాటిలో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. కమానును ఎంత బరువుకు తయారుచేశారో చెప్పి, దానికి జోడైన షాక్‌నే ఇస్తారు. టమాటా తోలే బండికి ఆ కిట్ అక్కర్లేదు గానీ ఆ పద్ధతి మాత్రం కావాలి. కమాను ఒకచోట, షాక్ ఇంకోచోట, ఎవరికి తోచినట్టు వారు వేస్తే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి.

షాక్ మార్చినా కమాను మార్చినా బుష్‌లను పాతవే ఉంచడం వృథా. పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయి, కానీ మన దుమ్ములో కిర్రుమంటాయి, కుదుపును లోపలికి పంపుతాయి. రోజూ లోడు తోలేవారికి మంచి రబ్బరు బుష్‌లే సుఖం. రబ్బరు బుష్ బోల్టును జాకీ మీద బండి వేలాడుతుండగా ఆఖరుగా బిగించకూడదు. చక్రాలు నేల మీద పెట్టి, బండి తన బరువుతో కూర్చున్నాకే బిగించాలి, లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. ఒకసారి విప్పిన యూ బోల్టులు సాగి ఉంటాయి, వాటి స్థానంలో కొత్తవి వేయాలి. కొత్త కట్ట మొదటి లోడుకు సర్దుకుంటుంది, పట్టీల మధ్య సందు తగ్గి యూ బోల్టులు వదులవుతాయి. అలా వదిలేస్తే ఇరుసును పట్టుకునే భారమంతా వేలంత సెంటర్ బోల్టు మీద పడుతుంది. అది తెగిన రోజున వెనక ఇరుసు పక్కకు జరిగి బండి అడ్డంగా నడుస్తుంది. అందుకని మొదటి లోడు దించి వచ్చిన సాయంత్రమే, బండి కడగక ముందే, షెడ్డుకు పోయి ఆ నాలుగు యూ బోల్టుల ఎనిమిది నట్లూ బిగింపును కొలిచే టార్క్ రెంచితో మళ్లీ బిగించుకోవాలి.